అర్బేనియా మోజు, అత్తయ్య మోకాళ్ళు

క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే పడకా వంటా ఉండే బండి, చేయించుకోవాలనుకునేవాళ్ళతో మాట్లాడటం మొదలుపెడితే మాటలు ఎటు పోతాయో నాకు ముందే తెలిసిపోతోంది. ఇంజిన్ ఎన్ని సీసీ, మైలేజీ ఎంత, పైన సోలార్ ప్యానెళ్ళు ఎన్ని పడతాయి, లోపల చెక్కపని ఏ రంగు. మా ఇంట్లోనూ అంతే జరిగింది. బావగారు అర్బేనియా అన్నారు. మా ఆయన వింగర్ అన్నారు. ఇంటర్ చదివే మావాడు స్ప్రింటర్ అన్నాడు. నేను "ఆర్‌సీలో ఏమని రాసి ఉంటుంది?" అని అడిగాను. శుభమా అని పెళ్ళిమాటలు మాట్లాడుకుంటుంటే తుమ్మినదాన్ని చూసినట్టు చూశారు.

అయినా నా మాట మీదే ఉన్నాను, ఉంటాను కూడా. బండిని ఎంచుకోవాల్సింది తర్వాత మన చేతుల్లో లేనివాటిని బట్టి. సీట్లు బాగోలేదా, మార్చుకోవచ్చు. మెట్టు ఎత్తుగా ఉందా, ఇంకో మెట్టు వేయించుకోవచ్చు. చప్పుడా, వేడా, వాటికీ ఏవో మందులున్నాయి. కానీ ఆర్‌సీలో వాహనం క్లాసు, బాడీ వెడల్పు, బండిని లాగేది ముందు చక్రాలా వెనక చక్రాలా అన్నది, రేకు మడతల్లో పట్టిన తుప్పు: వీటికి ఎంత డబ్బు పోసినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. షోరూమ్‌లో మనల్ని మురిపించేవన్నీ మొదటి రకం. మూడేళ్ళ తర్వాత తలపట్టుకునేలా చేసేవన్నీ రెండో రకం.

మావాడు స్ప్రింటర్ అనడంలో వింతేమీ లేదు. వాడు యూట్యూబ్‌లో చూసేవన్నీ అమెరికా, యూరప్ బండ్లు. అక్కడ మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్, ఫియట్ డుకాటో, ఈ మూడింటి మధ్యే పోటీ. డుకాటోని అమెరికాలో రామ్ ప్రోమాస్టర్ పేరుతో అమ్ముతారు. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు వాళ్ళు ప్రోమాస్టర్ వైపే మొగ్గుతున్నారు. దాని గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి, లోపల వెడల్పు 190 సెంటీమీటర్ల పైమాటే, అంటే మనిషి బండికి అడ్డంగా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. మంచం అడ్డంగా వేస్తే మిగతా చోటంతా వంటకీ స్నానానికీ వస్తుంది. అక్కడ ఆ ఒక్క కొలత మీదే ఎన్నో ఇళ్ళలో నిర్ణయం అయిపోతుంది.

మన దగ్గర ఉన్నవి వేరు. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్, ఈ మధ్య వచ్చిన ఫోర్స్ అర్బేనియా. చిన్నవాటిలో మారుతీ ఈకో. ఇంకా పెద్దది కావాలంటే మినీబస్సు ఛాసిస్ మీద బాడీ కట్టించుకోవాలి, అది వేరే లోకం. మావాడికి నేను చెప్పింది ఒకటే. టెంపో ట్రావెలర్ 1987లో మెర్సిడెస్ టీ1 అనే వ్యాన్ లైసెన్సుతో మన దేశంలోకి వచ్చింది. యూరప్‌లో ఆ టీ1ని ఆపేసి దాని స్థానంలో 1995లో తెచ్చిందే స్ప్రింటర్. బజాజ్ టెంపో కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది కానీ జనం నోట్లో అది ఇంకా టెంపో ట్రావెలరే. అన్నవరం కొండమీద పెళ్ళివారిని దింపే ఆ తెల్ల బండి నువ్వు కలలుగనే స్ప్రింటర్‌కి పెదనాన్న అవుతుందిరా అన్నాను. వాడికి నచ్చలేదు.

ఇక ఆర్‌సీ సంగతి. దీని మీద నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు.

విదేశాల్లో క్యాంపర్ కట్టుకునేవాళ్ళు ముందు వెతికేది కిటికీలు లేని సరుకుల వ్యాన్. చుట్టూ రేకే కాబట్టి గోడలకి ఇన్సులేషన్ బాగా పడుతుంది, కావలసిన చోట మాత్రమే కిటికీ కోసుకోవచ్చు, ధరా తక్కువే. ఇది చూసి మనవాళ్ళు ట్రావెలర్ డెలివరీ వ్యానో, వింగర్ కార్గోనో కొనేద్దామనుకుంటారు. ఆగండి. మన దగ్గర అది సరుకు రవాణా వాహనం. వెనక మనుషుల్ని కూర్చోబెట్టుకునే హక్కు దానికి లేదు. దాన్ని మనుషుల బండిగా మార్పించడం ఆర్టీవో ఆఫీసులో అన్నిటికన్నా కష్టమైన పని. ఎండ తగలని బండి కోసం వెళ్ళి కాగితాల్లో ఇరుక్కుంటారు.

మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 చెప్పేది ఇది: కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ ఆర్‌సీలో వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవచ్చు, చిన్నాచితకా ఫిట్టింగులు పెట్టుకోవచ్చు, బండి అసలు నిర్మాణాన్ని మాత్రం కదపకూడదు. అదే ఏడాది చట్టానికి సవరణ చేసి 182ఎ చేర్చారు. అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. "ఎవరు పట్టుకుంటారమ్మా, దేశంలో ఇన్ని బండ్లు తిరగట్లేదా" అన్నారు బావగారు. పట్టుకుంటారని కాదు నా భయం. లోపల గ్యాస్ పొయ్యి పెట్టుకుని, ఆర్‌సీలో 12 సీట్ల ప్యాసింజర్ బండి అని రాసి ఉన్నప్పుడు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే. చలానా కట్టి చేతులు దులుపుకోవచ్చు. థర్డ్ పార్టీ క్లెయిము మన మీద పడితే ఇల్లు అమ్ముకోవాలి.

మరి చట్టప్రకారం కారవాన్లు (క్యాంపర్‌కి కాగితాల్లో పేరు అదే) లేవా అంటే ఉన్నాయి. మోటారు కారవాన్లకి ఏఐఎస్-124 అని ఒక ప్రమాణం ఉంది. కూర్చునేందుకు సీట్లు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాను అరలు ఉండి, వాటిని బండికి గట్టిగా బిగించి ఉండాలి. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థ దగ్గర దానికి సర్టిఫికెట్ తీసుకుంటారు. ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఉంది. ఆ సర్టిఫికెట్ వచ్చేది ఫలానా బిల్డరుకి, ఫలానా మోడల్ మీద, ఫలానా డిజైన్‌కి. మీరు ముందుగా మనసుపడి ఒక బండి కొనేసి, తర్వాత బిల్డరు దగ్గరికి వెళ్తే అతని అప్రూవల్ వేరే వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) బండి మీద ఉండొచ్చు. అప్పుడు అతను "మీ ఇష్టం సార్, మేం చేసిస్తాం, ఆర్టీవో మీరు చూసుకోండి" అంటాడు. ఆ మాట వినిపించిందంటే లేచి వచ్చేయడమే. అందుకే బండి కన్నా ముందు బిల్డరుని వెతకాలంటాను. సంబంధం చూడకముందే ముహూర్తం పెట్టుకున్నట్టుందే అని మా అత్తయ్య నవ్వారు గానీ, ఇందులో వరస అదే.

కాగితాల్లోనే ఇంకో చిక్కు సీట్ల సంఖ్య, బోర్డు రంగు. ట్రావెల్స్ వాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరికేవన్నీ ఎల్లో బోర్డు బండ్లు. మూడు నెలలకోసారి ట్యాక్స్, ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి ఫిట్‌నెస్, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్. వైట్ బోర్డుకి మార్పించాలంటే పాత ట్యాక్సు బాకీలు, చలానాలు, ఫైనాన్స్ ఉంటే దాని క్లియరెన్సు అన్నీ ముందు తేలాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్. టోల్‌గేట్ దగ్గర కూడా ఇదే లెక్క. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల్లో కారుకి కిలోమీటరుకి మూల ధర 65 పైసలైతే మినీబస్సుకి రూపాయి 5 పైసలు. అంటే ఒకటిన్నర రెట్ల పైన. ఏళ్ళు గడిచి ధరలు పెరిగినా ఆ నిష్పత్తి అలాగే నడుస్తోంది. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ కూడా సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. మినీబస్సు కింద పడితే అదీ లేదు. లైసెన్సు విషయంలో మాత్రం ఊపిరి పీల్చుకోవచ్చు. 7,500 కిలోల లోపు బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని, అది ట్రాన్స్‌పోర్ట్ బండి అయినా సరేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ట్రావెలర్లు, వింగర్లు ఆ బరువుకి చాలా లోపే.

ఇప్పుడు బండ్ల దగ్గరికి వద్దాం.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీ షెడ్డుకి అత్తయ్యని కూడా తీసుకెళ్ళాం. అది మా ఆయన ఆలోచన, నిజంగా మంచి ఆలోచన. పక్కపక్కనే ఒక ట్రావెలర్, ఒక వింగర్ ఉన్నాయి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఎడమ కాలు ముందు పెడతారు, కుడి చేత్తో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, రెండో కాలు పైకి తెచ్చుకునేటప్పుడు నడుం ముందుకి వంగుతుంది. వింగర్ పక్కతలుపు జరిపి ఎక్కమంటే ఎక్కేశారు. ట్రావెలర్ దగ్గర తలుపు పక్కన కడ్డీ పట్టుకుని, కాలు ఎత్తి, ఆగి, నా వైపు చూశారు. ఆ చూపుతో మా ఆయన గెలిచినంత సంబరపడ్డారు.

తేడా ఎందుకంటే వింగర్‌ని లాగేది ముందు చక్రాలు. ఇంజిన్, గేరుబాక్సు అంతా ముందే. వెనక్కి షాఫ్టు పోనక్కర్లేదు కాబట్టి కింద నేల కిందికే ఉంటుంది. ట్రావెలర్‌లో ముందు ఇంజిన్ నుంచి వెనక చక్రాలకి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక బరువైన యాక్సిల్. వాటి పైన నేల పరవాలి, ఎత్తు తప్పదు. ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే, తిరిగేదంతా హైవేల మీద గుళ్ళూ గోపురాలూ అయితే వింగర్‌కి ఓటు వేయడంలో నాకు అభ్యంతరం లేదు. గుంతల మీద కుదుపు కూడా దాంట్లో తక్కువే.

అయితే మేం వెళ్ళాలనుకునేది మారేడుమిల్లి, పాడేరు వైపు, నల్లమలలో శ్రీశైలం దారి, వీలైతే రోడ్డు వదిలి కాస్త లోపలికి. ఇక్కడ ముందు చక్రాల లెక్క తిరగబడుతుంది. ఖాళీ వింగర్‌లో ఇంజిన్ బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది, పట్టు బాగానే ఉంటుంది. క్యాంపర్ చేశాక వెనక మంచం, దాని కింద నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, సామాను చేరతాయి. ఘాట్ ఎక్కేటప్పుడు బండి బరువు ఎలాగూ వెనక చక్రాల మీదకి జరుగుతుంది. వెనక ఈ సంసారం కూడా ఉంటే ముందు చక్రాలు ఇంకా తేలికైపోతాయి. తారు రోడ్డు మీద ఏమీ తెలియదు. వాన పడిన మట్టి ఎత్తులో, టేకాకులు కుళ్ళి జారే చోట, ముందు చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. ట్రావెలర్‌లో అదే బరువు లాగే చక్రాల మీద కూర్చుని పట్టు పెంచుతుంది. అందుకే ఏజెన్సీ ఊళ్ళలో జనాన్ని నింపుకుని ఎక్కే బండ్లన్నీ దాదాపు వెనక చక్రాలు లాగేవే.

షెడ్డు మేస్త్రీ ట్రావెలర్ తలుపు కింద టేపు పెట్టి కొలిచి, "మడత మెట్టు వేస్తాను మేడం, తలుపు తీస్తే దిగుతుంది. లోపల ఇక్కడొక నిలువు కడ్డీ. అమ్మగారు సుబ్బరంగా ఎక్కుతారు" అన్నాడు. అదీ నేను చెప్పేది. మెట్టు మేస్త్రీ చేతిలో పని. లాగే చక్రాలు మార్చడం ఏ మేస్త్రీ చేతిలోనూ లేదు. అత్తయ్య కూడా అదే చెప్పారు, కాకపోతే ఆవిడ భాషలో: "మెట్టేగా, వేయించండి. బురదలో దిగబడితే తొయ్యడానికి నేను దిగలేను."

ఎత్తు, వెడల్పు కూడా మార్చలేని జాబితాలోవే. సరుకుల వింగర్ లోపల కంపెనీ చెప్పే కొలత 1,900 మిల్లీమీటర్ల ఎత్తు, 1,640 వెడల్పు. ఎత్తు కాగితం మీద ఆరడుగుల మూడంగుళాలు. కింద ఇన్సులేషన్, ప్లైవుడ్, వినైల్. పైన ఇన్సులేషన్, ప్యానెల్. అన్నీ కలిపి రెండున్నర మూడంగుళాలు తినేస్తాయి. మా ఆయన ఐదడుగుల పదకొండంగుళాలు, కాబట్టి జుట్టు తగిలీ తగలకుండా నిలబడతారు. వెడల్పు ఐదడుగుల నాలుగున్నర అంగుళాలు, గోడలకి రెండు పక్కలా ప్యానెల్ వేస్తే ఐదడుగుల పైచిలుకు. అడ్డంగా పడుకుంటే నాకే కాళ్ళు ముడుచుకోవాలి. అంటే మంచం నిలువుగా వేయాలి, వేస్తే చోటు సగం అదే మింగేస్తుంది. ట్రావెలర్ బయటి వెడల్పు 2,095 మిల్లీమీటర్లు, వింగర్ 1,905. జానెడుకి కాస్త తక్కువ తేడా. వినడానికి ఏముంది అనిపిస్తుంది. పడుకుని చూడండి, తెలుస్తుంది. నేను షెడ్డులో చాప వేయించుకుని పడుకుని చూశాను, పనివాళ్ళు నవ్వుకున్నా సరే.

బరువు గురించి భయపెట్టేవాళ్ళు ఎక్కువ. ప్యాసింజర్ బండి మీద అంత భయం అక్కర్లేదు. 12 మంది మనుషులూ వాళ్ళ సామానూ అంటే 900 కిలోలకి తక్కువ కాదు. పైగా తీసేసే సీట్ల బరువు. మన ఇల్లంతా ఆ లోపల పట్టాలి, పడుతుంది. కానీ వడ్రంగికి వదిలేస్తే పట్టదు. మన వడ్రంగులకి చెయ్యి తిరిగిన సరుకు 18 ఎంఎం ప్లైవుడ్. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది. అలాంటివి పది వాడితే బండిలో ఐదారుగురు మనుషులు ఎప్పుడూ కూర్చుని ఉన్నట్టే. అల్యూమినియం సెక్షన్ల ఫ్రేము, పైన పల్చటి షీటు చాలు. ఇంటి ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 60 కిలోల దగ్గర ఉంటుంది. అంతకన్నా ఎక్కువ కరెంటు ఇచ్చే లిథియం బ్యాటరీ దాంట్లో సగం బరువు కూడా ఉండదు. నీళ్ళు మాత్రం ఎవరికీ తగ్గవు, లీటరుకి కిలో.

వేడి సంగతి చెప్పకుండా ఆంధ్రాలో క్యాంపర్ గురించి రాయడం అన్యాయం. ట్రావెలర్‌కి చుట్టూ అద్దాలే. మే నెలలో బెజవాడలో ఆ అద్దాల పెట్టెలో మధ్యాహ్నం పూట కూర్చోవడమంటే ఏమిటో పెళ్ళిళ్ళ సీజన్లో తిరిగినవాళ్ళకి తెలుసు. బండి ఏసీ ఇంజిన్‌తో నడిచేది. రాత్రి బండి ఆపి ఇంజిన్‌ని ఐడిల్‌లో పెట్టి ఏసీ వేసుకుందామంటే డీజిలు కాలడం అటుంచి, బీఎస్6 (కొత్త పొగ ప్రమాణం) బండ్లలో పొగ వడకట్టే డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చుకోవడానికి బండికి వేడెక్కేంత పరుగు కావాలి, ఐడిల్‌లో అది జరగదు. బ్యాటరీతో నడుపుదామంటే 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం అంటే రెండున్నర యూనిట్లు. కిలోవాటు లాగే ఏసీ ఉంటే రెండున్నర గంటల్లో అయిపోయింది. అందుకే అద్దాల్లో సగం లోపల్నించి నైట్రైల్ రబ్బరు షీటుతో మూసేయాలి, పైన గాలి లాగే ఫ్యాను పెట్టాలి, మే నెలలో లంబసింగి వైపు పోవాలి. సరుకుల వ్యాన్ అయితే ఈ బాధ సగం ఉండేది కాదని నాకూ తెలుసు. కానీ అద్దం మూయడం మన చేతిలో పని, గూడ్స్ ఆర్‌సీని మార్పించడం కాదు.

బావగారి అర్బేనియా దగ్గరికి వస్తాను. ఆయన మాట తీసెయ్యదగ్గది కాదు. అది మోనోకాక్ బండి, అంటే ఛాసిస్ విడిగా లేకుండా బాడీతో కలిసే ఉంటుంది, కారులా నడుస్తుంది, ఎయిర్‌బ్యాగులున్నాయి, బండి జారి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ ఉంది. సేఫ్టీ ఒక్కటే చూస్తే ఈ మూడింట్లో అదే ముందు, అందులో నాకు వాదన లేదు. 2025 సెప్టెంబరులో డ్రైవరుతో కలిపి పది మంది, ఆ పైన పట్టే బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగాక ఆయన ఉత్సాహం ఇంకా పెరిగింది.

"ఇంజిన్ చూడమ్మా, 115 హార్స్‌పవర్" అన్నారు.

"అదే 2.6 లీటర్ల ఇంజిన్ ట్రావెలర్‌లోనూ ఉంది కదా బావగారూ" అన్నాను.

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఇంజిన్ ఒకటే. మీరు ఎక్కువ పెట్టే డబ్బంతా బాడీకి, కుదుపు లేకపోవడానికి, లోపలి అందానికి. ఆ అందాన్ని మనం పీకి అవతల పారేసి మంచాలు వేస్తాం."

ఆయన కాసేపు ఊరుకుని, "మరి ఎయిర్‌బ్యాగులు?" అన్నారు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన రోజంతా హైవే మీద వేగంగా పోయే మనిషి, కొత్త బండికి ముప్ఫై లక్షల దాకా పెట్టగలిగే మనిషి. ఆయనకి అదే సరైందేమో. మాకు ఆ డబ్బులో బండీ, లోపలి పనీ రెండూ అయిపోవాలి. ఇంకో మాట కూడా ఉంది. ట్రావెలర్‌కి క్లచ్ ప్లేటో, ఫ్యాను బెల్టో పోతే రంపచోడవరంలో కూడా దాన్ని విప్పి చూసినవాడు ఎవడో ఒకడు ఉంటాడు. ఇన్నేళ్ళుగా ట్రావెల్స్ వాళ్ళు, స్కూళ్ళు, అంబులెన్సులు దాన్ని వాడి వాడి ఊరూరా మెకానిక్కుల్ని తయారుచేసి పెట్టారు. అర్బేనియాకి ఆ రోజు రావచ్చు, ఇంకా టైము పడుతుంది.

సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ చూడటానికి వెళ్తే ఇంజిన్ కన్నా ముందు నేల మీద రబ్బరు మ్యాటు చూడండి. అమ్మేవాడు మొహమాటపెట్టినా సరే, వెనక సీటు కింద ఒక మూల మ్యాటు లేపమనండి. రోజూ నీళ్ళు కొట్టి కడిగే బండ్లు అవి. నీళ్ళు మ్యాటు కిందకి పోయి ఆరవు. పైన నిగనిగలాడే బండికి మ్యాటు కింద ప్లైవుడ్ బిస్కెట్టులా విరిగి రావడం నేను చూశాను. దాని కింద రేకుని స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గీకితే కొత్త లోహం మెరవాలి. పొరలు పొరలుగా ఊడొస్తే ఆ బండి వద్దు. తర్వాత చక్రాల గూళ్ళ లోపలి అంచులు, పక్కతలుపు జరిగే పట్టాలు, పైన ఏసీ యూనిట్ కూర్చున్న చోట సీలింగు గుడ్డ మీద మరకలు. ఏసీ చుట్టూ సీలు పోతే వాన నీళ్ళు నేరుగా గోడల్లోకి దిగుతాయి, మనం ఆ గోడలకే లక్షలు పోసి ప్యానెళ్ళు వేయిస్తాం. కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో తిరిగిన బండి కన్నా అనంతపురం, కర్నూలు వైపు బండికి నేను పాతిక వేలు ఎక్కువైనా ఇస్తాను.

ఇంజిన్‌కి నా పరీక్ష ఒక్కటే. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు నా ముందే స్టార్ట్ చేయాలి. ముందే వేడిచేసి పెట్టారంటే ఏదో దాస్తున్నట్టే. వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీయమని చూస్తాను. సన్నటి ఆవిరి మామూలే, గుప్పుగుప్పుమని పొగ వస్తే లోపల అరిగిపోయిందని అర్థం. మీటరు రీడింగుని మాత్రం ఈ జన్మకి నమ్మను. స్కూలు బండి అయితే పరుగు తక్కువ, క్లచ్, బ్రేకుల అరుగుదల ఎక్కువ. పాత అంబులెన్సు అయితే ఆక్సిజన్ లైన్ల కోసం, లైట్ల కోసం పైకప్పుకి, గోడలకి కొట్టిన చిల్లులు లెక్కపెట్టుకోవాలి. ఏదైనా సరే, బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలు చూపే ప్రభుత్వ వాహన్ పోర్టల్లో నంబరు కొట్టి క్లాసు, సీట్లు, ఫైనాన్స్, ఫిట్‌నెస్ గడువు చూశాకే టేపు బయటికి తీయండి.

ఇద్దరే తిరిగేవాళ్ళు, పిల్లలు కాలేజీల్లో ఉన్నవాళ్ళు ఇదంతా చదివి ట్రావెలర్ల వెంట పడొద్దు. ఈకో చాలు. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, వెనక చక్రాలే లాగుతాయి, కారు క్లాసు, కారు టోలు. ఎత్తు 1,825 మిల్లీమీటర్లు కాబట్టి అపార్ట్‌మెంటు సెల్లారులోకి దర్జాగా దిగుతుంది. ట్రావెలర్లు, వింగర్లు దిగవు. హైదరాబాద్‌లో వీధిలో పెట్టుకుని పక్కింటివాళ్ళతో రోజూ గొడవపడాలి. ఈకోలో నిలబడలేరు, నిజమే. బండి రూపం కదపకుండా, ఊరికి తిరిగొచ్చాక విప్పి తీసేసే మంచం పెట్టె ఒకటి, చిన్న స్టౌ ఒకటి, వెనక తలుపుకి కట్టుకునే గుడారం ఒకటి చేయించుకుంటే గండికోటలోనో సూర్యలంకలోనో రెండు రాత్రులు హాయిగా గడిచిపోతాయి.

మా విషయంలో ప్రస్తుతానికి తేలింది ఇది: పొట్టి వీల్‌బేస్ ట్రావెలర్, బీఎస్6, అంటే 2020 ఏప్రిల్ తర్వాతది, కోస్తా దాటి లోపలి జిల్లాల బండి. దానికన్నా ముందు ముగ్గురు బిల్డర్లకి ఒకే మెసేజ్ పెట్టాను. ఏ మోడల్‌కి, ఏ వీల్‌బేస్‌కి మీ దగ్గర ఏఐఎస్-124 సర్టిఫికెట్ ఉంది, కాపీ పంపండి; సెకండ్ హ్యాండ్ బండి మీద ఆర్‌సీలో మోటారు కారవాన్ అని ఎక్కించి ఇచ్చిన ఒక బండి నంబరు చెప్పండి, వాహన్‌లో నేనే చూసుకుంటాను. ఒకరు లోపలి ఫొటోలు పంపారు, రంగురంగుల లైట్లతో. ఒకరు "ఫోన్ చేయండి మేడం" అన్నారు. మూడో ఆయన కాపీ పంపారు, కానీ అందులో ఉన్నది పొడుగు వీల్‌బేస్. అది మా వీధి మలుపులో తిరుగుతుందో లేదో ఈ ఆదివారం ఎవరిదైనా బండి అడిగి తెచ్చి చూడాలి.